కోచ్‌ని పీకేస్తే గెలుస్తామా?

టీం వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయిందంటే ఫ్యాన్స్ గ్రూపులో మొదట పడే మెసేజ్ ఏంటో మీకు తెలుసు. "ముందు ఆ కోచ్‌ని మార్చండ్రా బాబూ!" ఐపీఎల్ టీం అయినా ఇదే మాట, కబడ్డీ టీం అయినా ఇదే మాట. నరసరావుపేటలోనో, గుంటూరులోనో ఉండే ఒక మామూలు ఇంజినీరింగ్ కాలేజీ ఫుట్‌బాల్ టీం అయినా అంతే. కాలేజీలో కోచ్ అంటే వేరే ఎవరో ఉండరు, చాలా చోట్ల మన పీడీ సారే. క్రికెట్‌కీ ఆయనే, వాలీబాల్‌కీ ఆయనే, ఫుట్‌బాల్‌కీ ఆయనే. యూనివర్సిటీ టోర్నీకి వెళ్లిన టీం మొదటి రౌండ్‌లోనే బ్యాగులు సర్దుకుని వచ్చేస్తే, ఆ రాత్రే హాస్టల్‌లో తీర్పు వచ్చేస్తుంది. తప్పంతా సార్‌దే. ప్రిన్సిపాల్‌కి లెటర్ రాద్దాం, అందరూ సంతకాలు పెట్టండి!

ఆ లెటర్ రాయడం తప్పని నేననను. కానీ సంతకం పెట్టే ముందు ఒక టీం కథ తెలుసుకుంటే బాగుంటుంది. మనందరికీ తెలిసిన టీమే. అయిదు సీజన్లలో రెండుసార్లు పట్టికలో అట్టడుగుకి పడింది. రెండుసార్లూ కోచ్‌లు మారారు. మొదటిసారి రెండేళ్లు తిరిగేసరికి దేశంలోనే ఛాంపియన్ అయింది. రెండోసారి ఏకంగా ఊరే వదిలి వెళ్లిపోయింది. అదే పేరు, అదే పసుపు జెర్సీ, అదే గచ్చిబౌలి స్టేడియం. మరి తేడా ఎక్కడొచ్చింది?

మొదటిసారి అడుక్కి

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. పుణె సిటీ క్లబ్ మూతపడితే, ఇండియన్ సూపర్ లీగ్‌లో దాని స్థానంలోకి వచ్చింది. సీజన్‌కి కొన్ని వారాల ముందు హడావుడిగా తయారైన టీం. కోచ్ ఇంగ్లండ్‌కి చెందిన ఫిల్ బ్రౌన్. ఒకప్పుడు హల్ సిటీని ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌కి తీసుకెళ్లిన మనిషి. పేరు చూస్తే పెద్దదే.

మొదటి మ్యాచ్ కోల్‌కతాలో, ఏటీకే మీద. స్కోరు 0-5. అక్కడి నుంచి కోలుకోనేలేదు. 2020 జనవరిలో బ్రౌన్‌ని పంపించేశారు. సీజన్ అయ్యేసరికి లెక్క ఇదీ: 18 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 4 డ్రాలు, 12 ఓటములు. మొత్తం 10 పాయింట్లతో పది జట్లలో పదో స్థానం.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. బ్రౌన్ వెళ్లిన మర్నాటి నుంచే టీం గెలవడం మొదలుపెట్టలేదు. చివరి మ్యాచ్‌లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ మీద 5-1తో గెలవడం తప్ప ఆ సీజన్‌లో సంబరం లేదు. కాబట్టి "కోచ్ పోయాడు, దరిద్రం పోయింది" అనే కథ ఇక్కడ కుదరదు. అసలు పని ఆ తర్వాత జరిగింది.

తర్వాతి సీజన్‌కి స్పెయిన్‌కి చెందిన ఆల్బర్ట్ రోకాని కోచ్‌గా పెట్టుకున్నారు. సీజన్ మొదలవ్వకముందే ఆయనకి బార్సిలోనా నుంచి పిలుపొచ్చింది, వెళ్లిపోయాడు. మన భాషలో చెప్పాలంటే, ఆఫర్ లెటర్ తీసుకున్న టీం లీడ్ జాయినింగ్ రోజుకి ముందు ఇంకో కంపెనీకి వెళ్లిపోవడం లాంటిది. అప్పుడు, 2020 ఆగస్టు చివర్లో, వచ్చాడు మనోలో మార్కెజ్.

ఆటగాళ్లు ఎదగడానికి టైం ఇచ్చారు

మార్కెజ్ అంతకుముందు స్పెయిన్‌లో లాస్ పాల్మాస్‌కి కొద్దికాలం కోచ్‌గా చేశాడు. మన ఇండియాలో ఆయన పేరు అప్పటికి ఎవరికీ పెద్దగా తెలీదు. వచ్చీ రాగానే ఆయన చేసిన పని కుర్రాళ్లని నమ్మడం. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి యువ ఆటగాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టకుండా వారం వారం ఆడించాడు. వాళ్లు తప్పులు చేశారు. అయినా మళ్లీ ఆడించాడు.

2020-21లో టీం ఎన్నో స్థానంలో నిలిచింది? అయిదు. అప్పట్లో ప్లే-ఆఫ్‌కి నాలుగే జట్లు వెళ్లేవి. లీగ్ చివరి మ్యాచ్‌లో గోవా మీద గెలిస్తే చాలు, లోపలికి వెళ్లేవాళ్లే. 0-0 డ్రా అయింది. బయట ఉండిపోయారు.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. కొత్త కోచ్ వచ్చాడు, కప్పు రాలేదు, కనీసం ప్లే-ఆఫ్ కూడా రాలేదు. మనం ఎమోషనల్‌గా ఉండే ఫ్యాన్స్ అయితే ఏం చేసేవాళ్లం? "వీడూ అంతే" అని మళ్లీ సంతకాల సేకరణ మొదలెట్టేవాళ్లం. క్లబ్ ఆ పని చేయలేదు. పదో స్థానం నుంచి అయిదుకి రావడం, 10 పాయింట్ల నుంచి 29కి ఎదగడం చిన్న విషయం కాదని అర్థం చేసుకుంది. అదే కోచ్‌తో ముందుకెళ్లింది.

2021-22లో లీగ్‌లో రెండో స్థానం. బార్త్‌లోమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, స్టేడియం మొత్తం దాదాపు పసుపు. పసుపంటే మనది కాదు, వాళ్లది! కేరళ ముందు గోల్ కొట్టింది. ఇంకో రెండు నిమిషాల్లో తొంభై నిమిషాలు పూర్తవుతాయనగా సాహిల్ తవోరా బంతిని గాల్లోనే తన్ని సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. 3-1. హైదరాబాద్ ఛాంపియన్.

ఇంకో విచిత్రం. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే జరిగాయి. అంటే మన టీం సొంత ఊళ్లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే కప్పు కొట్టింది. గచ్చిబౌలి జనం తమ ఛాంపియన్లని కళ్లారా చూసింది 2022 అక్టోబర్ తర్వాతే. ఆ సీజన్‌లో కూడా లీగ్‌లో రెండో స్థానమే. సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో ఓడింది. ఆ తర్వాత మార్కెజ్ గోవా క్లబ్‌కి వెళ్లిపోయాడు.

రెండోసారి అడుక్కి

2023-24. ఐర్లాండ్‌కి చెందిన కానర్ నెస్టర్, మణిపూర్‌కి చెందిన థాంగ్‌బోయి సింగ్టో కలిసి కోచింగ్ బాధ్యత తీసుకున్నారు. కానీ ఈసారి పగుళ్లు గ్రౌండ్‌లో కాదు, ఆఫీసులో మొదలయ్యాయి. ఆటగాళ్లకి, సిబ్బందికి జీతాలు ఆగిపోయాయి. బకాయిలు కట్టనందుకు కొత్త ఆటగాళ్లని తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. సీజన్ మధ్యలో పేరున్న ఆటగాళ్లు, విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నెస్టర్ కూడా వెళ్లిపోయాడు.

సింగ్టో మిగిలాడు. చేతిలో మిగిలిన కుర్రాళ్లతో, రిజర్వ్ జట్టు నుంచి తెచ్చుకున్న పిల్లలతో సీజన్ లాక్కొచ్చాడు. ఎదుటి టీంలో నలుగురు విదేశీయులు బూట్లు బిగించుకుని నిలబడితే, మనవైపు దాదాపు అందరూ ఇప్పుడిప్పుడే కెరీర్ మొదలుపెట్టిన వాళ్లు. 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. 2024 మార్చిలో చెన్నైయిన్ మీద 1-0. మొత్తం 8 పాయింట్లు, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

నా ఉద్యోగంలో చూసే సంగతితో పోల్చి చెప్తా. డేటాబేస్ సర్వర్‌కి కరెంటే లేదు, పైన యాప్ పనిచేయట్లేదని డెవలపర్‌ని తిడితే ఏం లాభం? ఆ కుర్రాడు ఎంత మంచి కోడ్ రాసినా స్క్రీన్ మీద ఎర్రగా ఎర్రర్ వస్తూనే ఉంటుంది. సింగ్టో పరిస్థితి అదే. జీతం రాని ఆటగాడికి ఏ ఫార్మేషన్ చెప్పినా తలకెక్కదు. ఇంటి అద్దె కట్టాలి, ఊళ్లో అమ్మానాన్నకి పంపాలి. వాడికి 4-3-3 ఎందుకు, 4-4-2 ఎందుకు?

2024-25కి కొత్త యాజమాన్యం వచ్చింది. కానీ సరైన ప్రీ-సీజన్ లేకుండానే టీం దిగింది. డిసెంబర్‌లో సింగ్టోని తప్పించారు. కేరళకి చెందిన షమీల్ చెంబకత్‌కి తాత్కాలికంగా పగ్గాలిచ్చారు. సీజన్ చివరికి 24 మ్యాచ్‌ల్లో 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. ఒక మెట్టు పైకి. అంతే. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

మన పల్నాడు వాళ్లకి ఈ ముగింపు వింటే ఏదో గుర్తు రావాలి. కోడి పందెంలో ఓడి, రాజ్యం వదిలి ఏడేళ్లు అడవికి పోయిన మాచర్ల వాళ్ల కథ చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం కదా. ఆ కథలో పందెం ఓడింది కోడి అయినా, ఊరు వదిలింది మనుషులు. కారెంపూడిలో వీరుల గుడి దగ్గర ఎవర్ని అడిగినా, ఆ గొడవ కోడితో మొదలవ్వలేదని, అంతకు ముందే రెండు వర్గాల మధ్య రగులుతోందని చెప్తారు. గచ్చిబౌలి కథా అంతే. ఓడిన మ్యాచ్‌లు పైకి కనిపించినవి, పాడైన పునాది కింద ఉన్నది.

రీసెట్ బటన్ నొక్కితే?

"అన్నా, ఒక్క టీం కథ చెప్పి రూల్ చేస్తే ఎలా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే కాస్త డేటా చూద్దాం.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే పిచ్చి. వాళ్లది మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే ఆట. ఎమ్మెస్‌కి వెళ్లిన మన ఫ్రెండ్స్ శనివారం ఇన్‌స్టాలో పెట్టే స్టేడియం స్టోరీలు చూసే ఉంటారు. అక్కడ కోచ్‌ని తీసేయడం కూడా ఖరీదైన వ్యవహారమే. 2023 నవంబర్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ని తప్పించింది. కాంట్రాక్టులో మిగిలిన డబ్బు కింద ఆయనకి ఇవ్వాల్సింది సుమారు 7.6 కోట్ల డాలర్లు. మన డబ్బుల్లో ఆరు వందల కోట్ల పైమాటే. పని చేయొద్దని చెప్పడానికి అంత!

ఇంత ఖర్చు పెడితే ఫలితం ఉంటుందా? ఇదే ప్రశ్న మీద ముగ్గురు పరిశోధకులు 1997 నుంచి 2010 దాకా అక్కడి కాలేజీ టీంల రికార్డులు తీసి, 2013లో ఒక పేపర్ వేశారు. దానికి వాళ్లు పెట్టిన పేరు మనకి బాగా నచ్చుతుంది: 'పుషింగ్ రీసెట్'. వాళ్లు ఏం చేశారంటే, కోచ్‌ని మార్చిన టీంలని, అంతే ఘోరంగా ఆడి కూడా కోచ్‌ని మార్చని టీంలతో పక్కపక్కన పెట్టి చూశారు. బాగా అడుగున ఉన్న టీంల విషయంలో పెద్ద తేడా కనపడలేదు. మరి ఓ మోస్తరుగా ఆడుతున్న టీంలు? కోచ్‌ని మార్చినవి, మార్చని వాటికంటే కాస్త వెనకబడ్డాయి.

అసలు సిసలు ఫుట్‌బాల్ కావాలంటే నెదర్లాండ్స్ లీగ్ ఉంది. అక్కడ 1986 నుంచి 2004 దాకా లెక్కలు తీసిన బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్తకి కూడా ఇలాంటిదే కనిపించింది. కోచ్‌ని తీసేశాక టీం కోలుకుంటుంది, నిజమే. కానీ అంతే దిగజారి కోచ్‌ని తీసేయని టీంలు కూడా దాదాపు అలాగే కోలుకున్నాయి.

ఎందుకిలా? ఇందులో మంత్రం లేదు. వరసగా అయిదు టాస్‌లు ఓడిన కెప్టెన్‌ని తీసేసి కొత్త కెప్టెన్‌ని పెట్టారనుకోండి. కొత్తాయన వచ్చాక రెండు టాస్‌లు గెలిచాడు. "చూశారా, ఈయన చేతి మహిమ!" అంటామా? పాతాయన ఉన్నా ఆ టాస్‌లు అలాగే పడేవి. ఆటలో కూడా కొంత అదృష్టం ఉంటుంది. పోస్టుకి తగిలి బయటికి పోయిన బంతులు, చివరి నిమిషం పెనాల్టీలు, ముఖ్యమైన మ్యాచ్‌కి జ్వరం వచ్చిన స్ట్రైకర్. కోచ్‌ని సరిగ్గా ఇవన్నీ కలిసొచ్చి టీం బాగా కిందికి పడ్డప్పుడే తీసేస్తాం. తర్వాత ఎలాగూ కొంత పైకి లేవాల్సిందే. ఆ లేచిన క్రెడిట్ కొత్తాయన ఖాతాలో పడిపోతుంది.

ఇలాంటి అనుభవం మన తెలుగు టైటాన్స్‌ది. ప్రొ కబడ్డీ ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో 22 మ్యాచ్‌ల చొప్పున ఆడి గెలిచినవి వరసగా 1, 2, 2. మూడు సీజన్లకి ముగ్గురు కోచ్‌లు. తలుపు మీద పేరు మారింది, లోపల ఏమీ మారలేదు. పదకొండో సీజన్‌లో క్రిషన్ కుమార్ హుడా వచ్చాక 12 గెలిచారు. కానీ ఆ ఏడాది కోచ్‌తో పాటు వేలంలో జట్టు కూడా మారింది. ఇందులో కోచ్ వాటా ఎంత, విజయ్ మలిక్ లాంటి రైడర్ల వాటా ఎంత? విడదీసి చెప్పడం కష్టం. నిజాయితీగా చెప్పాలంటే రెండూ కావాలి.

మార్కెజ్ తర్వాతి కథ కూడా వినండి. హైదరాబాద్‌కి కప్పు తెచ్చిన అదే మనిషిని 2024లో భారత జట్టుకి కోచ్‌గా చేశారు. ఎనిమిది మ్యాచ్‌లు ఆడించాడు, గెలిచింది ఒక్కటే, మాల్దీవుల మీద. 2025లో తప్పుకున్నాడు. తర్వాత ఖాలిద్ జమీల్ వచ్చాడు. మొదటి టోర్నీలోనే మూడో స్థానం, ఒమాన్ మీద షూటౌట్‌లో గెలుపు. "చూశారా, కోచ్ మారగానే!" అన్నాం అందరం. నెల తిరిగాక అక్టోబర్‌లో సొంతగడ్డ మీద సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్‌కి దారి మూసుకుపోయింది. మార్కెజ్ తెలివి విమానంలో ఎక్కడో పడిపోలేదు. గోవా బబుల్‌లో రోజూ కలిసి ప్రాక్టీస్ చేసిన టీం వేరు, అప్పుడప్పుడు పది రోజులు కలిసే జాతీయ జట్టు వేరు.

పది గోల్స్ తిన్న తర్వాత

ఇక హైదరాబాద్ గర్వంగా చెప్పుకోవాల్సిన కోచ్ దగ్గరికొద్దాం. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర గుర్తుందా? సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదువుకున్నాడు, స్కూల్ టీచర్‌గా పనిచేశాడు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ కొట్టింది.

అదే రహీం సాబ్ కోచ్‌గా వెళ్లిన 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఇండియా యుగోస్లావియా చేతిలో ఎలా ఓడిందో తెలుసా? 1-10. ఒకటికి పది! ఇవాళ అలా ఓడితే స్టేడియం నుంచి బస్సు ఎక్కేలోపే మీమ్స్ వచ్చేస్తాయి. చలిలో, తడి గడ్డి మీద మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు.

ఆ ఓటమి నుంచి నేర్చుకున్నారు. బూట్లు తప్పనిసరి చేశారు. రహీం కొత్త ఫార్మేషన్లు, కొత్త పద్ధతులు చదివాడు, ఆటగాళ్లకి నేర్పాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి మళ్లీ ఆయన్నే కోచ్‌గా పంపారు. నాలుగో స్థానం. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన ఇండియా, ఫైనల్‌లో అదే కొరియాని 2-1తో కొట్టి బంగారం తెచ్చింది. అప్పటికి రహీంకి క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

పది గోల్స్ తిన్న రోజునే "ఈయన ఇక వద్దు" అని తలుపు శాశ్వతంగా మూసేసి ఉంటే? మెల్‌బోర్న్ లేదు, జకార్తా లేదు.

ఇక మన కాలేజీ సంగతి

క్లబ్బుల్లో కోట్లు తిరుగుతాయి. మన దగ్గర తిరిగేది రెండు బంతులు, ఒక పంపు. అయినా లెక్క అదే.

కాలేజీ టీంకి క్లబ్ కంటే పెద్ద కష్టం ఒకటుంది. ప్రతి ఏడాదీ టీంలో నాలుగో వంతు, ఒక్కోసారి సగం, పాసై వెళ్లిపోతుంది. కిందటేడు గోల్స్ కొట్టినవాడు ఇప్పుడు బెంగళూరులో బెంచ్ మీద ఉన్నాడు. ఫుట్‌బాల్ బెంచ్ కాదు, ప్రాజెక్ట్ రాని కంపెనీ బెంచ్! ఫైనలియర్ వాళ్లకి ప్లేస్‌మెంట్ టెస్టులు. సెకండియర్ వాళ్లకి మిడ్ పరీక్షలు. 75 శాతం అటెండెన్స్ భయం అందరికీ. సాయంత్రం నాలుగున్నరకి గ్రౌండ్‌కి వెళ్తే సగంలో క్రికెట్ మ్యాట్. పల్నాడు ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. ఇన్ని దాటుకుని పదకొండు మంది ఒకేసారి గ్రౌండ్‌లో ఉండే రోజులు నెలలో ఎన్ని? ఆ టీం వేరే జిల్లా నుంచి వచ్చిన, రోజూ రెండు పూటలా ఆడే టీంతో తలపడితే స్కోరు ఎలా ఉంటుందో ఊహించడానికి డేటా సైన్స్ అక్కర్లేదు.

కాబట్టి లెటర్ రాసే ముందు, నాలుగు ప్రశ్నలకి నిజాయితీగా జవాబు రాసుకోండి.

ఒకటి, కిందటేడు టీం, ఈ ఏడు టీం ఒకటేనా? ఏడుగురు వెళ్లిపోయి కొత్తవాళ్లు వచ్చి ఉంటే, మీరు పోల్చేది సార్‌ని కాదు, రెండు వేర్వేరు టీంలని.

రెండు, సార్ చేతిలో ఏముంది? బంతులు, బూట్లు, రవాణా ఖర్చు, గ్రౌండ్ టైం, ఇవి ఇవ్వాల్సింది మేనేజ్‌మెంట్. అవి లేకపోతే కొత్తగా వచ్చే సార్ కూడా ఖాళీ చేతులతోనే నిలబడతారు. అప్పుడు లెటర్ రాయండి, కానీ "సార్‌ని మార్చండి" అని కాదు, "గ్రౌండ్ ఇవ్వండి" అని.

మూడు, స్కోరు కాకుండా ఇంకేదైనా మెరుగవుతోందా? మొదటి మ్యాచ్‌లో ఆరు గోల్స్ తిన్నారు, చివరి మ్యాచ్‌లో ఒక్కటే. అది ఓటమే, కానీ ఆగస్టు ఓటమికి, డిసెంబర్ ఓటమికి తేడా ఉంది. హైదరాబాద్ అయిదో స్థానంలో నిలిచి బయటికి వచ్చిన ఏడాది కూడా ఓటమి లాగే కనిపించింది. మరుసటి ఏడాది అదే కప్పయింది.

నాలుగు, ఈయన మారితే ఎవరొస్తారు? పేరుందా? ఫుట్‌బాల్ తెలిసిన మనిషేనా? ప్లాన్ లేకుండా రీసెట్ నొక్కితే అదే స్క్రీన్ మళ్లీ వస్తుంది.

ఈ నాలుగింటికీ జవాబు సార్‌కి వ్యతిరేకంగా వస్తే, అంటే ఆటగాళ్లున్నారు, గ్రౌండ్ ఉంది, రెండేళ్లు టైం ఇచ్చారు, అయినా ఏమీ మెరుగవ్వలేదు, ఆయనకి ఆట మీద ఆసక్తి లేదు, అప్పుడు మార్చమని ధైర్యంగా అడగండి. ఫిల్ బ్రౌన్‌ని మార్చిన హైదరాబాద్ తప్పు చేయలేదు. మార్చాక కట్టింది, అందుకే గెలిచింది.

ఇంకో మాట. కోచ్ కొడితే, బూతులు తిడితే, అమ్మాయిల టీంతో తప్పుగా ప్రవర్తిస్తే, సెలెక్షన్‌లో కులమో, రికమెండేషనో, డబ్బో చూస్తే, ఈ నాలుగు ప్రశ్నలు అక్కర్లేదు. టీం ప్రతి మ్యాచ్ గెలుస్తున్నా సరే, ఆ రోజే ఫిర్యాదు చేయండి. అది పాయింట్ల పట్టికకి సంబంధించిన విషయం కాదు.

మిగతా అన్ని సందర్భాల్లో, ఓడిన సీజన్ తర్వాత ఎవరి మీదో ఒకరి మీద కోపం రావడం సహజం. ఎక్కువ కనపడేవాడు కోచ్ కాబట్టి ఆయన మీదికి పోతుంది. గచ్చిబౌలిలో జీతాలు ఆపింది సింగ్టో కాదు, కానీ ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత మైకు ముందు కూర్చుని జవాబు చెప్పింది ఆయనే. రోజూ ఆ స్టేడియం పక్కనుంచి క్యాబ్‌లో ఆఫీసుకి వెళ్లే వేలమంది తెలుగు కుర్రాళ్లలో ఆ ఏడాది లోపలికెళ్లి కూర్చున్నవాళ్లు ఎంతమంది? టీం వెళ్లిపోయాక ఇప్పుడు ఆ ఊళ్లో ఐఎస్‌ఎల్ చూడాలంటే ఫోన్‌లోనే చూడాలి.

మీ కాలేజీ టీం ఢిల్లీకి వెళ్లిపోదు లెండి. కానీ ఇంకో ప్రమాదం ఉంది. రెండేళ్లు వరసగా ఓడితే "ఫుట్‌బాల్ మనకెందుకు" అని ఎంట్రీ పంపడమే మానేస్తారు. గోల్‌పోస్టులకి బట్టలు ఆరేస్తారు. ఆ తర్వాత మార్చడానికి కోచ్ కూడా ఉండడు.

అందుకని ఈ వారం ఒక్క పని చేయండి. ఫోన్‌లో నోట్స్ తెరిచి, ఈ సీజన్‌లో ప్రాక్టీస్‌కి పదకొండు మందీ వచ్చిన రోజులు ఎన్నో లెక్కపెట్టండి. పదిహేను కంటే తక్కువ వస్తే, ముందు ఆ లిస్టు తీసుకుని పీడీ సార్ దగ్గరికే వెళ్లండి. సార్‌తో కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, సాయంత్రం గంటన్నర గ్రౌండ్, మ్యాచ్ రోజులకి అటెండెన్స్ అడగండి. సంతకాలు దానికి సేకరించండి. మొదటి సంతకం సార్‌దే పెట్టించండి.